పిల్లల ఉబ్బసము - పీల్చే మందు పట్టించే విధము

ఒక ఇంటిలో మందు ఉన్నది. ఆ మందు మంచిదే. గడువు తీరినది కాదు, కల్తీది కాదు. వైద్యుడు పరీక్షించి వ్రాసి ఇచ్చినదే. తల్లి దానిని రెండు పూటలా మరవకుండ బిడ్డకు పట్టిస్తూనే ఉన్నది. అయినను బిడ్డకు ఆయాసము తగ్గలేదు. నెలలో ఒకటి రెండు మారులు అర్ధరాత్రివేళ బిడ్డను భుజాన వేసుకొని ఆస్పత్రికి పరుగెత్తక తప్పడము లేదు. లోపము ఎక్కడ ఉన్నది?

చిత్తూరు సీమలో, పలమనేరుకు చేరువనున్న గంగవరం ప్రాంతానికి కార్యక్రమాల పనిమీద వెళ్ళినప్పుడు మాకు ఈ ప్రశ్న ఎదురైనది. ఆ ఇంటి పిల్లవానికి ఆరేండ్లు. "మందుకేం తక్కువ లేదు నాయనా, గుణమే కనపడలేదు" అని వాని అవ్వ మాతో వాపోయినది. ఆ సమయానికి ఊరిలోని పిల్లలను చూడవచ్చిన ఒక నర్సమ్మ అక్కడనే ఉన్నారు. ఆమె మందు మార్చమని చెప్పలేదు. తల్లిని మందలించనూ లేదు. "అమ్మా, నువ్వు దినామూ బిడ్డకి ఎట్ల పట్టిస్తావో అట్లే నా ముందర ఒకసారి పట్టించు, చూస్తాను" అని మాత్రము అడిగారు.

తల్లి పట్టించినది. బిడ్డకు ఊపిరి ఆడదేమో అన్న భయముతో మాస్కును ముఖానికి అంటించక, వ్రేలెడు ఎడముగా పట్టుకొన్నది. మందు డబ్బాను వెంటవెంటనే రెండు మారులు నొక్కినది. బిడ్డ ఒక్క ఊపిరి తీయకముందే మాస్కును తీసివేసినది. సన్నని పొగవంటిది గాలిలో తేలి మాయమైనది. మందు ఇంటిలోని గాలికి అందినది గాని బిడ్డ ఊపిరికి అందలేదు. ఆరు మాసాలుగా ఆ ఇంట జరుగుతున్నది ఇదే.

ఇందులో తల్లి తప్పు ఏమున్నది? మందు కొన్నచోట ఎవరో అట్టపెట్టె మీది బొమ్మ చూపించి "ఇట్లా నొక్కితే సరి" అన్నారట. అంతకు మించి ఆమెకు చేసి చూపినవారు లేరు, ఆమెచేత చేయించి చూచినవారు అసలే లేరు. మింగే మాత్రను ఎవరు వేసినా అది కడుపులోనికే పోతుంది. పీల్చే మందు అట్టిది కాదు. దానిని ఊపిరితిత్తులకు చేర్చేది తల్లిదండ్రుల చేతి నేర్పు. ఆ నేర్పును గురించియే ఈ ప్రసంగము.

ముందుగా వ్యాధిని కొంచెము తెలిసికొందాము. మన గొంతునుండి దిగే గాలిగొట్టము రొమ్ములో రెండుగా చీలి, చెట్టు కొమ్మలవలె చిన్నచిన్న శాఖలై ఊపిరితిత్తులంతటా వ్యాపిస్తుంది. ఉబ్బసము గల బిడ్డలో ఈ శాఖల లోపలి పొర ఎల్లప్పుడూ కొంత వాచి ఉంటుంది. ఆ వాపు పైకి కనబడదు. బిడ్డ ఆడుకొంటున్నప్పుడు, నవ్వుతున్నప్పుడు కూడ అది లోపల ఉండవచ్చును. అటువంటి సమయాన జలుబో, పొగో, దుమ్మో, చలిగాలియో తగిలినచో శాఖల చుట్టూ ఉన్న కండరము బిగుసుకొంటుంది. జిగురువంటి కఫము ఊరుతుంది. గాలి నడిచే దారి ఇరుకైపోతుంది. లోపలికి పోయిన గాలి వెలుపలికి రాలేక ఈలవేసినట్లు శబ్దము చేస్తుంది. దానినే మనవారు పిల్లికూతలంటారు. కావున ఉబ్బసములో కీడు రెండు విధాలు: లోపల నిత్యమూ ఉండే వాపు ఒకటి, అప్పుడప్పుడు వచ్చే బిగింపు రెండవది. ఈ రెండింటి భేదాన్ని శ్రోతలు మనసులో ఉంచుకొనవలెను. మందులలోని భేదము దీని మీదనే ఆధారపడి ఉన్నది.

ఇది అంటువ్యాధి కాదు. క్షయ కాదు. ఉబ్బసము గల బిడ్డ పక్కన కూర్చున్నందువలన, ఆ బిడ్డ త్రాగిన లోటాతో నీళ్ళు త్రాగినందువలన ఇంకొక బిడ్డకు రాదు.

గంగవరం, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాలు సముద్రమట్టానికి సుమారు రెండు వేల అడుగుల ఎత్తున ఉన్న మెట్టసీమ. ఇక్కడి గాలి ఊపిరితిత్తులకు మంచిదని పూర్వము ప్రసిద్ధి. మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల చికిత్సాలయము వెలసినది. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి సారథి. క్షయకు తగిన మందు లేని ఆ రోజులలో మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము - ఇవే చికిత్స. ఎందరో రోగులు దూరప్రాంతాలనుండి ఈ గాలికోసమే వచ్చి ఇక్కడ నెలల తరబడి ఉండేవారు.

అయితే ఆ చల్లని మెట్టగాలియే ఉబ్బసపు బిడ్డకు ఒక్కొక్కప్పుడు పరీక్ష అవుతుంది. మార్గశిర పుష్యమాసాలలో తెల్లవారుజామున మంచు దిగినప్పుడు ఆయాసము రేగుతుంది. పట్టుపురుగులను పెంచే ఇండ్లలోని సన్నని పొడి కొందరికి పడదు. కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ, దోమల చుట్ట పొగ, వేరుసెనగ కట్టె దులిపినప్పుడు లేచే దుమ్ము, చేల గట్లపై విరివిగా పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి - ఇవి కూడ అట్టివే. ఏ బిడ్డకు ఏది పడదో కనిపెట్టి దానిని దూరముగా ఉంచుట తల్లిదండ్రుల మొదటి పని. పొగ మాత్రము ఏ బిడ్డకూ పడదు. మందు పట్టిస్తూ, అదే గదిలో బీడీ కాల్చుట ఒక చేత్తో విత్తి మరొక చేత్తో పెరుకుట వంటిది.

ఇక మందును పీల్చడమెందుకు, త్రాగించరాదా అని కొందరడుగుతారు. దీనికి లెక్కయే సమాధానము చెబుతుంది. బిగింపును సడలించే సాల్బుటమాల్ అనే మందు సిరపు రూపములో సాధారణముగా ఐదు మిల్లీలీటర్ల చెంచాకు రెండు మిల్లీగ్రాములు, అనగా రెండు వేల మైక్రోగ్రాములు ఉంటుంది. అదే మందు ఇన్హేలరులో ఒక్క నొక్కుకు నూరు మైక్రోగ్రాములు మాత్రమే. ఒక చెంచా సిరపులోని మందు ఇరువది నొక్కులకు సమానమన్నమాట. త్రాగిన మందు కడుపులో దిగి, నెత్తురులో కలిసి, ఒడలంతా తిరిగి, చివరకు రొమ్ముకు చేరవలెను. ఈ లోపల చేతులు వణకుట, గుండె దడదడలాడుట సంభవించవచ్చును. పీల్చిన మందు నేరుగా వ్యాధి ఉన్నచోటికే పోయి కొద్ది నిమిషాలలో పనిచేస్తుంది. కావున "ఇన్హేలరు చాలా ఘాటైన మందు, అది ఆఖరి మందు" అను మాట లెక్కకు నిలువదు. నిజానికి తక్కువ మందుతో ఎక్కువ ప్రయోజనము కలిగించే మార్గము ఇదియే.

ఊపిరితో మందు పీల్చుట మన దేశానికి కొత్తది కాదు. ఆయాసానికి ఎండిన ఉమ్మెత్తను కాల్చి ఆ పొగ పీల్చే అలవాటు పూర్వము ఇక్కడ ఉండేది. మదరాసులో ఈస్టిండియా కంపెనీ వారి పెద్ద వైద్యుడుగా ఉన్న జేమ్స్ ఆండర్సన్ దానిని గుర్తించగా, 1802లో జనరల్ జెంట్ అనే సైనికాధికారి ఆ ఉమ్మెత్త వైద్యాన్ని మదరాసునుండి బ్రిటనుకు కొనిపోయినాడు. ఉమ్మెత్త విషము, దానిని ఇంటిలో ఎవరూ ప్రయోగించరాదు. పైగా పొగ స్వయముగా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పొగ లేకుండ, కొలతప్రకారము మందును ఊపిరికి అందించుట ఎట్లు అన్నది చాలకాలము వరకు తెగని ప్రశ్న.

అందుకు సమాధానము 1950ల నడుమ అమెరికాలో దొరికినది. రైకర్ ప్రయోగశాలకు అధ్యక్షుడైన జార్జి మేసన్ అనే ఆయన కుమార్తెకు ఉబ్బసము. పదమూడేండ్ల ఆ బాలిక, తలకు చల్లుకొనే పరిమళద్రవ్యము డబ్బానుండి నొక్కగానే వస్తున్నది గదా, నా మందు కూడ అట్లా ఎందుకు రాకూడదు అని తండ్రిని అడిగినదట. ఆ ప్రశ్న ఫలితముగా నొక్కిన ప్రతిసారీ ఒకే కొలత మందును విడిచే ఇన్హేలరు 1956లో బజారులోనికి వచ్చినది. నేడు మన పలమనేరు, మదనపల్లె మందుల దుకాణాలలో దొరికే ఇన్హేలరు దాని సంతతియే.

అయితే ఆ సాధనములో ఒక చిక్కు ఉన్నది. నొక్కగానే మందు అతివేగముగా వెలువడుతుంది. సరిగ్గా ఆ క్షణముననే నెమ్మదిగా, లోతుగా ఊపిరి లోపలికి తీయవలెను. పెద్దలకే ఇది కష్టము; పసిపిల్లలకు అసాధ్యము. అట్లు తీయనిచో మందు గొంతు వెనుక గోడకు కొట్టుకొని అక్కడనే అంటుకొంటుంది. ఈ చిక్కును విడదీయుటకు వచ్చినది స్పేసరు. అది ఒక బోలు గొట్టము. ఒక చివర ఇన్హేలరును, రెండవ చివర మాస్కునో, నోటిలో పెట్టుకొనే ముక్కునో అమర్చుతారు. నొక్కిన మందు ముందు ఆ గొట్టములో నిలిచి, వేగము తగ్గి, తుంపరలు సన్నబడతాయి. బిడ్డ తన మామూలు ఊపిరితోనే దానిని తీసికొంటుంది. నాలుగేండ్ల లోపు వారికి మాస్కుతో కూడిన స్పేసరు తగినది. ఆ పైవారు, పెదవులు గట్టిగా మూసి నోటితో పీల్చుట నేర్చిన తరువాత, మాస్కు లేకుండ వాడవచ్చును. ఎంత వయసు వచ్చినా స్పేసరును మానవలసిన పని లేదు.

"స్పేసరుతో ఏమౌతుంది, మిషను పెట్టించవలెను" అనే అభిప్రాయము గ్రామాలలోనే కాదు, పట్టణాలలో కూడ బలముగా ఉన్నది. మిషను అనగా కరెంటుతో ఆవిరివలె మందునిచ్చే నెబులైజరు. సాధారణ తీవ్రత గల ఆయాసములో, సరిగ్గా పట్టించిన స్పేసరు మిషనుకు ఏమాత్రము తీసిపోదని అనేక పరిశోధనలలో తేలినది. స్పేసరుకు కరెంటు అక్కరలేదు. సంచిలో పెట్టుకొని తిరునాళ్ళకు కూడ తీసికొనిపోవచ్చును. కొనుటకు శక్తి లేనిచోట కూడ మార్గమున్నది. అర లీటరు ప్లాస్టికు నీళ్ళ సీసా అడుగున ఇన్హేలరు మూతి సరిగ్గా పట్టేటంత రంధ్రము చేసి, సందు లేకుండ అంటించి వాడినచో, అది కొనుగోలు స్పేసరుతో సమానముగా పనిచేసినదని దక్షిణ ఆఫ్రికాలో డాక్టరు హెదర్ జార్ బృందము 1999లో పిల్లలపై పరీక్షించి చూపినది. దీనిని మీ వైద్యుని చూపించి, ఆయన సరే అన్న తరువాతనే వాడవలెను.

ఇప్పుడు మరల గంగవరం ఇంటికి పోదాము. నర్సమ్మ ఆ తల్లికి చూపిన వరుస ఇది. శ్రోతలు తమ ఇంటి ఇన్హేలరును చేతిలో పట్టుకొని, ఒక్కొక్క మాటకు ఆగి, అట్లే చేసి చూచుకొనవలెనని మా కోరిక.

మొదట బిడ్డను నిటారుగా కూర్చుండబెట్టవలెను. పసిబిడ్డ అయితే ఒడిలో, తన వీపు మీ రొమ్ముకు ఆనేటట్లు కూర్చుండబెట్టుకొనవలెను. పడుకొన్న బిడ్డకు పట్టించరాదు. ఇన్హేలరు మూత తీసి, మూతిలో దుమ్ము గాని మరేదైన గాని లేదని చూచి, నాలుగైదు మారులు బాగుగా ఊపవలెను. ఊపనిచో మందు ఒకచోట, దానిని త్రోసే వాయువు ఒకచోట నిలిచి, కొలత తప్పుతుంది. కొత్త డబ్బాను, చాలరోజులు వాడని డబ్బాను, ముందుగా దాని కాగితములో చెప్పినన్ని మారులు గాలిలోనికి నొక్కి విడువవలెను.

తరువాత డబ్బా పైకి, మూతి క్రిందికి ఉండేటట్లు ఇన్హేలరును స్పేసరుకు అమర్చవలెను. మాస్కును ముక్కు, నోరు రెండూ కప్పేటట్లు, ముఖానికి సందు లేకుండ ఆనించవలెను. ఇక్కడనే మన తల్లుల చేయి వెనుకాడుతుంది. భయము వలదు. స్పేసరులో గాలి వచ్చిపోయే ఏర్పాటు ఉన్నది, బిడ్డకు ఊపిరాడుతుంది. ఒక వ్రేలు పట్టేటంత సందు ఉన్నను మందు ఆ దారినే పోతుంది.

మాస్కు కుదిరిన తరువాత డబ్బాను ఒక్కమారు నొక్కవలెను. ఒక్కమారే! మాస్కును కదపక, బిడ్డ ఐదారు ఊపిరులు తీసేవరకు లెక్కపెట్టవలెను. అనేక స్పేసరులలో ఊపిరి తీసినప్పుడల్లా కదిలే చిన్న రెప్ప ఉంటుంది. అది కదిలితే ఊపిరి లోనికి పోయినట్లు గుర్తు. "ఒకటి, రెండు, మూడు..." అని పైకి లెక్కపెడితే బిడ్డ కూడ ఆటగా కలిసి వస్తుంది. రెండవ నొక్కు వ్రాసి ఉన్నచో, అర నిమిషము మొదలు ఒక నిమిషము వరకు ఆగి, మరల ఊపి, మరల మొదటినుండి అట్లే చేయవలెను. రెండు నొక్కులు ఒకేసారి నొక్కితే తుంపరలు ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి గొట్టము గోడలకే అంటుకొంటాయి. రెట్టింపు మందు పోతుందనుకొనుట భ్రమ. ఒక నొక్కుకు అందేదానికంటె తక్కువే అందవచ్చును.

బిడ్డ ఏడుస్తున్నచో ఏమి చేయవలెను? "ఏడిస్తే లోతుగా పీలుస్తాడు, మంచిదే" అని కొందరనుకొంటారు. అది పొరపాటు. ఏడుపులో ఊపిరి చాలసేపు వెలుపలికే పోతుంది. లోపలికి పోయేది ఒక్క గుటక. మందు నోటిలో, గొంతులో మిగిలిపోతుంది. కావున బలవంతము పనికిరాదు. పగటిపూట, మందుతో పని లేనప్పుడు, మాస్కును బొమ్మకు పెట్టనివ్వండి, నాయనకు పెట్టనివ్వండి, తన ముఖానికి తానే పెట్టుకొననివ్వండి. కథ చెబుతూ పట్టించండి. నిద్రలో పట్టిద్దామన్న ఉపాయము కూడ చాలమంది పిల్లలలో ఫలించదు. మాస్కు తగలగానే మేల్కొని భయపడతారు. ఆ తరువాత మెలకువలో కూడ దానిని దగ్గరకు రానీయరు.

ఇంతవరకు చెప్పినది నొక్కే ఇన్హేలరు సంగతి. మన ప్రాంతములో పొడి మందు సాధనము కూడ విరివిగా వాడుకలో ఉన్నది. రోటాహేలరు అని చాలమంది ఎరుగుదురు. అందులో గుళికను అమర్చి, త్రిప్పి, ఆ పొడిని పీలుస్తారు. ఈ రెండింటికీ పీల్చే పద్ధతి పరస్పరము విరుద్ధము. నొక్కే ఇన్హేలరు మందును నెమ్మదిగా తీసికొనవలెను. పొడి మందును వేగముగా, బలముగా, లోతుగా లాగవలెను. ఏలయన అక్కడ పొడిని లేపేది బిడ్డ ఊపిరి బలమే. తరువాత పది లెక్కపెట్టేవరకు ఊపిరి బిగబట్టవలెను. సాధనములోనికి ఊదరాదు, తేమ తగిలితే పొడి గడ్డకడుతుంది. ఆరేండ్ల లోపు పిల్లలకు సాధారణముగా అంతటి ఊపిరి బలము ఉండదు గనుక ఈ సాధనము తగదు. గుళికను మాత్ర అనుకొని నీళ్ళతో మింగించిన ఇండ్లు కూడ ఉన్నవి. అది మింగేది కాదు, పీల్చేది.

ఇక మందులు రెండు రకములు. బిగింపును తక్షణమే సడలించేది ఒకటి. దానిని ఆయాసము వచ్చినప్పుడే వాడవలెను. లోపలి వాపును మెల్లమెల్లగా అణచేది రెండవది. బుడెసోనైడు, బెక్లోమెథసోను, ఫ్లూటికాసోను అనేవి ఈ జాతివి. దీనిని వైద్యుడు చెప్పినన్నాళ్ళు, బిడ్డ బాగున్న రోజున కూడ, తప్పక ఇవ్వవలెను. దీని గుణము పూర్తిగా కనబడుటకు కొన్ని వారాలు పడుతుంది. కొందరు పెద్దపిల్లలకు రెండు పనులకు ఒకే ఇన్హేలరు వ్రాయుట కూడ ఇప్పుడు ఉన్నది. డబ్బా రంగును నమ్మి వాడరాదు. రంగులు కంపెనీని బట్టి మారుతాయి. ఏది రోజూ ఇవ్వవలసినది, ఏది ఆయాసానికి ఇవ్వవలసినది అన్నది వైద్యునిచేత చెప్పించుకొని, తెలుగులో చీటీ వ్రాసి డబ్బాకు అంటించుకొనుట మంచిది.

అనేక ఇండ్లలో జరిగే పొరపాటు ఏమనగా, వెంటనే సుఖమిచ్చే మందును ఆత్మబంధువుగా చూచి, రోజూ వాడవలసిన దానిని "నయమైనది గదా" అని మానివేయుట. వాపు అట్లే ఉండగా బిగింపును మాత్రము సడలిస్తూ పోవుట, ఇంటికప్పు కారుతున్నప్పుడు కప్పు నేయక క్రింద గిన్నెలు పెట్టుకొనుట వంటిది. మన దేశములో ఈ పొరపాటు వెల సామాన్యము కాదు. 2019 నాటి అంచనాలను బట్టి ప్రపంచములోని ఉబ్బస రోగులలో మన దేశమువారు సుమారు నూటికి పదముగ్గురు. ఉబ్బస మరణాలలో మాత్రము నూటికి నలువదికి పైగా ఇక్కడనే. రోగులు పాతికలో మూడు వంతులు, మరణాలు పాతికలో పది వంతులు! పీల్చే మందులు తగినంతగా వాడకపోవుట ఇందుకు గల ముఖ్య కారణాలలో ఒకటి.

వాపు మందు పేరులో స్టెరాయిడు అనే మాట విని తల్లిదండ్రులు జంకుతారు. వారి భయము అర్థము చేసికొనదగినదే. ఈ మందు కూడ మైక్రోగ్రాముల కొలతలో, ఊపిరితిత్తులకే పోతుంది. మొదటి ఒకటి రెండేండ్లలో ఎత్తు పెరుగుదలలో సుమారు ఒక సెంటీమీటరు వరకు తేడా రావచ్చును. అది ఏటేటా పెరుగుతూ పోయేది కాదు. అదుపులేని ఉబ్బసము బిడ్డ నిద్రను, ఆటను, బడిని, పెరుగుదలను కూడ హరిస్తుంది. ఈ మందు పట్టించిన తరువాత బిడ్డచేత నోరు పుక్కిలింపజేసి ఉమ్మివేయించవలెను. పసివారికి నోరు, మాస్కు తగిలినచోట ముఖము తుడవవలెను. లేనిచో నోటిలో తెల్లని పూత రావచ్చును. "ఇన్హేలరు అలవాటైతే ఇక వదలదు" అనుట కూడ సరికాదు. ఇది వ్యసనమయ్యే వస్తువు కాదు. వ్యాధి అదుపులోనికి వచ్చిన కొలది వైద్యుడే మందును తగ్గిస్తాడు.

మృగశిర కార్తె ప్రవేశించగానే హైదరాబాదులో బత్తిని వారు ఇచ్చే చేప ప్రసాదానికి రాష్ట్రము నలుమూలలనుండి జనము తరలిపోవుట అందరెరిగినదే. అది విశ్వాసానికి సంబంధించిన విషయము. వెళ్ళేవారికి మేము చెప్పదలచినది ఒక్కటే: ఇన్హేలరును, స్పేసరును వెంట తీసికొనిపోండి, ముందు గాని, వెనుక గాని, వైద్యుడు వ్రాసిన మందును మానకండి. పిల్లలకు బ్రతికిన చేపను మింగించుటలో గొంతుకు అడ్డుపడే ప్రమాదమున్నదని కూడ మరువవద్దు.

ఆయాసము తీవ్రముగా వచ్చిన రాత్రి ఏమి చేయవలెనో పగలే తెలిసికొని ఉండవలెను. వైద్యునిచేత ఆ లెక్కను కాగితముపై వ్రాయించుకొని గోడకు అంటించండి. సాధారణముగా ఐదేండ్లు, ఆ లోపు బిడ్డలకు సాల్బుటమాల్ రెండు నొక్కులు, ఒకదాని తరువాత ఒకటిగా, స్పేసరుతో ఇస్తారు. తగ్గనిచో ఇరువది నిమిషాలకు ఒకసారి చొప్పున మరి రెండు మారులు ఇవ్వవచ్చును. పెద్దపిల్లలకు నొక్కులు ఎక్కువ కావచ్చును. అప్పటికీ తగ్గకున్నా, తగ్గి మూడు నాలుగు గంటలలోనే తిరిగి వచ్చినా, ఆస్పత్రికి పోవలెను. బిడ్డ మాట పూర్తిగా చెప్పలేకపోయినా, పాలు త్రాగలేకపోయినా, డొక్కలు లోపలికి పీక్కొనిపోతున్నా, పెదవులు నీలిరంగు తిరిగినా, మగతగా ఉన్నా ఏ లెక్క కోసమూ ఆగరాదు. వెంటనే 108 వాహనాన్ని పిలిపించి, దారిలో కూడ మందు పట్టిస్తూనే పోవలెను. పిల్లికూతలు ఆగిపోయినవి గదా అని సంతోషించరాదు. బిడ్డ ఇంకా ఎగశ్వాస తీస్తూ ఉండగా కూతలు ఆగినచో, గాలి కదలడమే తగ్గినదని అర్థము. అది అన్నిటికంటె ప్రమాదకరమైన గుర్తు.

సాధనాన్ని శుభ్రముగా ఉంచుటలో కూడ ఒక మెలకువ ఉన్నది. స్పేసరును కొన్నప్పుడు ఒకసారి, తరువాత కాగితములో చెప్పిన వ్యవధికి ఒకసారి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో ముంచి తీసి, నీడలో దానంతట దానిని ఆరనివ్వవలెను. బట్టతో తుడవరాదు. తుడిస్తే ప్లాస్టికులో విద్యుచ్ఛక్తి పుట్టి మందును గోడలకు లాగుకొంటుంది. డబ్బాలో మందు ఉన్నదీ లేనిదీ నీళ్ళలో తేల్చి చూచుట నమ్మదగినది కాదు. సాధారణముగా డబ్బాపై ఎన్ని నొక్కులో వ్రాసి ఉంటుంది. చాలవాటిలో రెండు వందలు. రోజుకు నాలుగు నొక్కులైతే ఏబది రోజులు. మొదలుపెట్టిన తేదీని, అయిపోయే తేదీని డబ్బా మీదనే వ్రాసి ఉంచండి. ఆ తరువాత కూడ నొక్కితే పొగ రావచ్చును, కాని అందులో మందు ఉండదు. ఎండలోను, పొయ్యి దగ్గరను పెట్టవద్దు. ఆయాసపు మందును ఒకటి బడిలో ఉంచి, ఉపాధ్యాయునికి కూడ పట్టించుట నేర్పండి.

ఆ దినము గంగవరములో నర్సమ్మ తల్లిచేత మూడు మారులు చేయించారు. మొదటిసారి ఊపుట మరచినది. రెండవసారి మాస్కు కొంచెము జారినది. మూడవసారి అంతా సరిగా వచ్చినది. అప్పుడు నర్సమ్మ ఇన్హేలరును అవ్వ చేతికి ఇచ్చారు. తల్లి తెల్లవారక ముందే పాలు పితుకుటకు, ఆ తరువాత టమాటా తోటలో కూలికి పోతుందట. ఉదయపు పూట మందు పట్టించేది అవ్వయే. ఆమె చేయి కొంచెము వణకినది. "ఒకటి, రెండు" అని లెక్కపెట్టినవాడు పిల్లవాడే.

రేడియోలో మేము చెప్పగలిగినది ఇంతవరకే. మా మాట మీ ఇంటిలోనికి వస్తుంది గాని, మీ చేయి మాకు కనబడదు. చెవితో విన్నంత మాత్రాన ఈత రానట్లే, ఈ విద్య కూడ చేతితో చేసి, తెలిసినవారి కంటికి చూపితేనే వస్తుంది. ఒకసారి వచ్చిన చేయి కూడ కొన్ని నెలలకు తప్పుతుంది. కావున ఈసారి వైద్యుని వద్దకు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని పోయినప్పుడు మందుచీటీ ఒక్కటి చాలదు. ఇన్హేలరు, స్పేసరు, బిడ్డ, ఇంటిలో మందు పట్టించే మనిషి - అందరూ కలిసి వెళ్ళండి. "మేము పట్టిస్తాము, మీరు చూడండి" అని అడగండి. అడుగుటకు సంకోచించవలదు. అది మీ బిడ్డ ఊపిరికి సంబంధించిన మాట.